అచ్చుకు వెళ్ళని సంచిక

గ్రంథాలయ శాస్త్రానికి కూడా ప్రత్యేకంగా పత్రికలుంటాయంటే మా అమ్మ నమ్మలేదు. "పుస్తకాలు అల్మారల ఎట్ల సర్దాలె అనేదాని మీద మళ్ల ఇంకో పుస్తకమా?" అని నవ్వింది. ఆమె నవ్వడంలో తప్పేమీ లేదు. లైబ్రరీ సైన్సు చదివేదాకా నాకూ తెలియదు. లైబ్రరీకి ఎవరు వస్తున్నారు, ఏం చదువుతున్నారు, ఎందుకు రావడం మానేస్తున్నారు అని లెక్కగా గమనించి రాసేవాళ్ళు దేశమంతటా ఉన్నారనీ, వాళ్ళు రాసినవి మూడు నెలలకోసారి సన్నటి సంచికలుగా వస్తాయనీ, వాటిని చదివేది మళ్ళీ వాళ్ళేననీ చదువులో పడ్డాకే తెలిసింది.

అలాంటి పత్రిక ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్సు డిపో వెనకసందులో, ఒక ఫ్లాటు ముందుగదిలోంచి వచ్చేది. దాని సంపాదకుడు నాకు యూనివర్సిటీలో పాఠం చెప్పిన సారు. గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగానికని యవ్వనంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రిటైరయ్యాక ఆయనకున్న పని ఆ పత్రికొక్కటే. కింద అంతస్తులో కోచింగ్ సెంటరు, పక్కన అమ్మాయిల హాస్టలు, వీధిలో జిరాక్సు షాపులు, పోటీ పరీక్షల గైడ్లమ్మే బండ్లు. ఆ రొద మధ్య ఆయన కిటికీ మూసుకుని కూర్చుని, ఎక్కడో కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఒక లైబ్రేరియన్ రాసిన వ్యాసంలో రిఫరెన్సుల కామాలు సరిచేస్తుండేవారు.

నేను సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఇల్లు మీర్‌పేట్‌లో. మా తాతల కాలంలో ఊరు, నా కాలానికి కాలనీ. నాన్న పోయాక అమ్మ, తమ్ముడు, నేను మిగిలాం. పెళ్ళి సంగతి కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది, దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరాను. దానికి వ్యాసం అచ్చుకావాలి. అది కూడా యూనివర్సిటీ ఒప్పుకున్న జాబితాలో ఉన్న పత్రికలోనే కావాలి. సారు పత్రిక ఆ జాబితాలో ఉంది. అలా శనివారం సాయంత్రాలు ఆ ఫ్లాటుకి వెళ్ళడం మొదలైంది. మొదట నా వ్యాసం కోసం వెళ్ళాను. తర్వాత ప్రూఫులు చూడటానికి వెళ్ళాను. ఆ తర్వాత అలవాటుగా వెళ్ళాను.

నా వ్యాసం మా ప్రాంతంలోని ప్రభుత్వ శాఖా గ్రంథాలయాల్లో చదువుకునేవాళ్ళ గురించి. పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళ గురించి కాదు, సొంత పుస్తకాలు సంచిలో తెచ్చుకుని రీడింగ్ రూములో పొద్దంతా కూర్చునేవాళ్ళ గురించి. నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, సరూర్‌నగర్‌లో, కర్మన్‌ఘాట్‌లో నలుగురైదుగురు కలిసి రూము తీసుకుని, ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే యువకులు వాళ్ళు. రూములో పడుకోవడానికే చోటు ఉంటుంది, చదవడానికి ఉండదు. అందుకని లైబ్రరీకి వచ్చేవాళ్ళు.

మొదటిసారి ఇచ్చిన కాగితాలను సారు వారం తర్వాత తిరిగిచ్చారు. ఎర్ర సిరా లేని పేరా లేదు.

"ఏమ్మా, ఇది వ్యాసమా, విజ్ఞాపన పత్రమా?" అన్నారు.

"సార్, వాళ్ళ పరిస్థితి అట్లున్నది మరి."

"ఉంటుంది. కాదన్నానా? నువ్వు జాలి పడినట్టు కనిపించకూడదు. నువ్వు చూసింది రాయి, వాళ్ళు చెప్పింది రాయి. జాలి చదివేవాడి పని."

ఆ మాట నాకు కష్టంగా తోచింది. కానీ మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశారు. లోపలి గదిలోంచి ఆయన భార్య టీ తెచ్చి, నా ముఖం చూసి, "ఆయన అందర్నీ ఇలాగే ఏడిపిస్తారమ్మా. ఏడవకుండా రాసినవాళ్ళెవరూ ఆ పత్రికలో లేరు," అనేది. ఆమెను నేను అమ్మగారు అని పిలిచేదాన్ని. ఉద్యోగం చేయలేదు, పెద్ద చదువు చదవలేదు. కానీ పత్రిక కవర్లకు స్టాంపులు అంటించడం, చిరునామాలు రాయడం, పోస్టాఫీసుకు మోయడం అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగేవి. వాళ్ళకు పిల్లలు లేరు.

వ్యాసాలు ఇంగ్లీషులో ఉన్నా, ప్రతి వ్యాసం చివర తెలుగులో ఒక సారాంశం ఉండాలని సారు నియమం పెట్టారు. ఏ జిల్లాలోనో చిన్న లైబ్రరీలో పనిచేసే మనిషికి కనీసం ఆ పేజీ అయినా అర్థం కావాలని ఆయన కోరిక. నా సారాంశంలో 'కిరాయి రూముల్లో ఉండే యువకులు' అని రాశాను. ప్రూఫులో అది 'అద్దె గదుల్లో నివసించే యువకులు' అయి వచ్చింది. నేను మళ్ళీ 'కిరాయి' అని దిద్దాను. శనివారం వెళ్ళేసరికి సారు ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"కిరాయి మనుషులు అంటాం, కిరాయి గూండాలు అంటాం. కిరాయి గది అనమమ్మా."

"మేం అంటం సార్," అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మా ఇంట్ల అద్దె అని ఎవ్వరం అనం. ఆ పిల్లలు కూడా అనరు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను లేచి వెళ్ళిపోవాలా అనుకుంటుండగా, ఎర్ర పెన్ను తీసి తను కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టారు. అలాగే ఉంచమని దానికి అర్థం.

"ఇన్నేళ్ళున్నాను ఈ ఊళ్ళో," అన్నారు నెమ్మదిగా. "ఇంటి ఓనరు కిరాయి అనే అడిగేవాడు. నేను అద్దె అనే ఇచ్చేవాణ్ణి. ఇద్దరం ఒకే మాట అనుకున్నాను."

అప్పటికే తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదికొచ్చేసింది. వారంలో సగం రోజులు ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో ఉండేది. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ దిగి నడవడమే. రోడ్డు నడిమధ్యన పొయ్యిలు పెట్టి వంటలు వండేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు. మా తమ్ముడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. పొద్దున పోతే సాయంత్రం గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. నేనూ రెండు మూడుసార్లు వాడితో పాటు వెళ్ళి రోడ్డు మీద కూర్చున్నాను. మా నేల మీద మా మాట చెల్లాలని నాకూ ఉండేది. అక్కడినుంచి లేచి, చీరకంటిన దుమ్ము దులుపుకుని, సారు ఇంటికి ప్రూఫులు చూడటానికి వెళ్ళేదాన్ని. నాకు ఆ రెండు పనుల మధ్య తేడా కనిపించేది కాదు.

రీడింగ్ రూములో నేను మాట్లాడినవాళ్ళలో ఒకతను మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాడు. కిటికీ పక్క బల్ల ఎప్పుడూ అతనిదే. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. గళ్ళ చొక్కా వేసుకునేవాడు. నేను ప్రశ్నలు అడుగుతుంటే నవ్వాడు. "మేడం, గివన్నీ ఎందుకుగని, జర ఫ్యాను గురించి రాయుండ్రి. అది తిరుగుతలేదు," అన్నాడు. ఎన్నాళ్ళుగా వస్తున్నారని అడిగితే, "పెద్దోళ్ళు నోటిఫికేషన్ ఏస్తమన్నప్పటి సంది," అన్నాడు. ఇంట్లో ఏమంటున్నారని అడిగితే మాత్రం తల దించుకుని పుస్తకం తిప్పాడు. ఆ ప్రశ్న నా జాబితాలో లేదు. నేనెందుకు అడిగానో తెలియదు.

ఒకరోజు పొద్దున తమ్ముడు పేపరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జిల్లా పేజీలో ఫోటో ఉంది. గళ్ళ చొక్కా. సొంతూరికి వెళ్ళి, తెలంగాణ కోసమని రాసిపెట్టి, ప్రాణం తీసుకున్నాడు. వాడికి అతనెవరో తెలియదు. ఇలాంటి ఫోటోలు రోజూ వచ్చేవి, రోజూ వాడు పేపరు అలాగే తెచ్చి పెట్టేవాడు. నేను ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు. మధ్యాహ్నం లేచి ఆ శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. కిటికీ పక్క బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు. చోటు దొరకడమే కష్టమైన గదిలో ఖాళీ కుర్చీ ఎందుకుంటుంది?

సారుకు చెప్పాను. నా వ్యాసంలో అతను ఒక అంకె. అది తీసెయ్యాలా, ఉంచాలా అన్నది నాకు తెలియలేదు. పరిశోధనకు సంబంధించిన ప్రశ్న అన్నట్టుగానే అడిగాను కానీ, అడుగుతూ ఏడ్చేశాను.

"ఉంచు," అన్నారు సారు. "నువ్వు అడిగిన రోజున ఉన్నాడు కదా."

"ఎక్కడనన్న రాయాలె సార్. అతను లేడని."

పత్రిక పద్ధతి ప్రకారం సమాధానాలిచ్చిన వాళ్ళ పేర్లు రాయకూడదు. ఆయన ఆ పద్ధతిని ఎన్నడూ తప్పిన మనిషి కాదు. గదిలో అటూ ఇటూ నడిచి, చివరికి కుర్చీలో కూర్చుని, తెలుగు సారాంశం కింద ఒక వాక్యం తానే చెప్పి నాతో రాయించారు. 'ఈ అధ్యయనంలో మాతో మాట్లాడి, ఇది అచ్చయ్యేలోగా మన మధ్య లేకుండా పోయిన పాఠకుడికి.' అంతే. పేరు లేదు, ఊరు లేదు. "ఇంతకంటే రాస్తే మన పత్రిక కాదు," అన్నారు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ సంచిక ప్రూఫులన్నీ అయిపోయాయి. కొత్తపేటలోని ప్రెస్సులో పేజీలు కట్టి ఉన్నాయి. అప్పుడు పేరు గొడవ వచ్చింది.

పత్రిక సారు సొంతం కాదు. లైబ్రేరియన్ల సంఘం ఒకటి దాన్ని నడిపేది. పత్రిక పేరు 'ఆంధ్ర' అనే మాటతో మొదలయ్యేది. పేరు పెట్టిన రోజుల్లో దాని గురించి ఎవరూ అడగలేదు. అడగలేదంటే అందరికీ ఇష్టమని కాదు, పేర్లు పెట్టేచోట మావాళ్ళు లేరు. ఇప్పుడు ఊరంతా బోర్డుల మీద ఆ మాట చెరిపేస్తున్నారు. దుకాణాల మీద, బస్సుల మీద, ఆఫీసుల మీద తారు పూస్తున్నారు. పత్రిక అట్ట మీద మాత్రం ఎలా మిగులుతుంది?

సంఘం సమావేశం సారు ఇంట్లోనే జరిగింది. వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఆయన శిష్యులే. కుర్చీలు చాలక చాప పరిచారు. అందరి తరఫున మాట్లాడింది నా సీనియర్, బడంగ్‌పేట్ అతను. ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్. సారు అంటే ప్రాణమిచ్చే మనిషి.

"సార్, మేం మిమ్మల్ని పొమ్మంటలేం. పేరును పొమ్మంటున్నం," అన్నాడు.

"నాకు పేరు మీద మోజు లేదండీ," అన్నారు సారు. శిష్యులందరినీ నువ్వు అనే మనిషి, ఆ రోజు 'అండీ' అన్నారు. అది గదిలో అందరికీ వినబడింది. "ప్రతి పత్రికకీ అంతర్జాతీయంగా ఒక నంబరుంటుంది. అది పేరుకి కట్టి ఉంటుంది. లైబ్రేరియన్లు, మీకు నేను చెప్పాలా? పేరు మారితే నంబరు పోతుంది. నంబరు పోతే యూనివర్సిటీ జాబితాలోంచి పోతాం. జాబితాలోంచి పోతే ఎవరూ వ్యాసాలు పంపరు. పత్రిక చచ్చిపోతుంది."

"అందరు గట్లనే అంటరు సార్. తెలంగాణ ఒస్తే కరెంటు పోతది అంటరు, నీళ్ళు పోతయి అంటరు. మీరేమో నంబరు పోతది అంటున్నరు."

ఎవరో నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పత్రికల గురించి లైబ్రరీ సైన్సులో మొదటి పాఠమే అది. అయినా ఆ రోజుల్లో అది నిజంలా వినిపించలేదు, అడ్డుపుల్లలా వినిపించింది. ఎందుకంటే అదే గొంతుతో, అదే యాసతో, ఇంకా చాలామంది చాలా చోట్ల మాకు కుదరదని చెబుతూ వస్తున్నారు.

"నువ్వేమంటవ్?" అని సీనియర్ నావైపు తిరిగాడు. "నువ్వు ఈడిదానివే. సారు దగ్గర పనిచేస్తున్నవ్. చెప్పు."

"గీ ఒక్క సంచిక తయారై ఉన్నది అన్నా. ఇది పాత పేరుతోనే పోనియ్యుండ్రి. ముందరి సంచిక నుంచి మారుద్దాం," అన్నాను.

"గీ ఒక్కసారి, గీ ఒక్కసారి అనుకుంటనే ఇన్నేండ్లు పోయినయి," అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

సారు నావైపు చూడనే లేదు. నా మాట ఆయనకూ నచ్చలేదని అర్థమైంది. ముందరి సంచిక నుంచి మారుద్దామన్నాను కదా. ఆ మాటలో నేనెటు నిలబడ్డానో ఆయనకు తెలిసిపోయింది.

పాత పేరుతో సంచిక అచ్చు వెయ్యకూడదని సంఘం తీర్మానం చేసింది. వెళ్ళేటప్పుడు సీనియర్ ఎప్పటిలాగే సారు కాళ్ళకు దండం పెట్టాడు. ఆయన ఆశీర్వదించారు. అందరూ మెట్లు దిగాక ఆయన చాప చుట్టబోతే అమ్మగారు ఆయన చేతిలోంచి లాక్కుని తనే చుట్టింది.

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. "సారు మంచోడే అక్కా. నేను కాదంట లేను. గని మంచోళ్ళకు కూడ తెల్వాలె గదా," అన్నాడు.

ఆ తర్వాత జరిగినదంతా నిదానంగా జరిగింది. అందుకే ఆపడం ఎవరివల్లా కాలేదు. వ్యాసాలను పరిశీలించే నిపుణుల్లో తెలంగాణ వాళ్ళు ఒక్కరొక్కరుగా తప్పుకున్నారు. ఆంధ్రా వైపు వాళ్ళు ఎందుకొచ్చిన గొడవని జవాబులివ్వడం మానేశారు. పెద్ద సమ్మె వచ్చి బస్సులు, ఆఫీసులు నిలిచిపోయాయి. సమ్మె అయ్యాక సారు పట్టు వదిలేశారు. పేరు మార్చడానికి ఒప్పుకున్నారు. 'ఆంధ్ర' తీసేసి, ఏ ప్రాంతం పేరూ లేకుండా, ఒట్టి గ్రంథాలయ శాస్త్ర పత్రిక అన్న అర్థం వచ్చేలా ఇంకొకటి రాసి ఇచ్చారు. సంఘం సంతోషించింది. బడంగ్‌పేట్ సీనియర్ మిఠాయి డబ్బా తెచ్చాడు.

కొత్త నంబరు రావాలంటే కొత్త పేరుతో మొదటి సంచిక చూపించాలి. మొదటి సంచికకు వ్యాసాలు కావాలి. నంబరు లేని, జాబితాలో లేని పత్రికకు వ్యాసం ఇచ్చేవాళ్ళెవరూ దొరకలేదు. తయారై ఉన్న పాత సంచికలోని రచయితలు కూడా తమ వ్యాసాలు వెనక్కి తీసుకుని వేరే పత్రికలకు పంపుకున్నారు. వాళ్ళనేమీ అనలేం. వాళ్ళ ప్రమోషన్లు, వాళ్ళ థీసిస్‌లు ఆగి ఉన్నాయి. పేరు కోసం గట్టిగా మాట్లాడినవాళ్ళే ముందు తీసుకున్నారు. నేను తీసుకోలేదు. అది గొప్పతనం కాదు. సారాంశం కింద ఉన్న ఆ వాక్యాన్ని ఇంకే పత్రికా ఉంచదు.

ప్రెస్సు ఆయన కొన్నాళ్ళు ఫోన్లు చేసి, తర్వాత మానేశాడు. పేజీలు కట్టిన కంప్యూటరు పాడైందని, అందులో ఉన్నవన్నీ పోయాయని ఒకరోజు చెప్పాడు. సారు దానికి "సరేనండి" అన్నారు.

ఆ చలికాలంలోనే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. దవాఖానాలో నేనూ, బడంగ్‌పేట్ అన్నా మారి మారి ఉన్నాం. మాట కొంత తిరిగి వచ్చింది కానీ చదువు రాలేదు. అక్షరాలు కనిపిస్తాయట, అవి దేనికో తెలియదట. ఇంటికి తీసుకొచ్చాక ఒక పాత సంచికను ఆయన చేతిలో పెట్టాను. ఎడమచేత్తో పేజీలు తిప్పారు. తలకిందులుగా పట్టుకున్నారని నేనూ అమ్మగారూ చూశాం.

రాష్ట్రం వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ అంతా టపాకాయలు. తమ్ముడు ముఖమంతా గులాబీ రంగుతో ఇంటికొచ్చి అమ్మను ఎత్తి గిరగిరా తిప్పాడు. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే ఏడ్చాను. ఇది అబద్ధం కాదు. ఆ సాయంత్రమే సారును చూడటానికి వెళ్ళాను. బయట పెద్ద పెద్ద చప్పుళ్ళు. ఆయన మంచం మీద కూర్చుని ఉలిక్కిపడుతున్నారు. నన్ను చూసి ఏదో చెప్పాలని చాలాసేపు అవస్థపడ్డారు. చివరికి "మంచిది... మంచిదమ్మా," అన్నారు. నా రంగు పూసిన చేతిని తన ఎడమ చేత్తో పట్టుకుని కొంచెంసేపు ఉంచుకున్నారు.

నోటిఫికేషన్లు అప్పుడు కూడా రాలేదు. తమ్ముడు అదే శాఖా గ్రంథాలయంలో చోటు కోసం పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వెళ్ళడం మొదలుపెట్టాడు. కొన్నేళ్ళు చదివాడు. తర్వాత ఎల్బీనగర్‌లో ఒక ప్లాట్ల ఆఫీసులో చేరాడు. ఇప్పుడు ఉద్యమం మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

నా పీహెచ్‌డీ గడువు దగ్గర పడింది. కాలేజీ యాజమాన్యంవాళ్ళు పిలిచి, ఇన్‌స్పెక్షన్ వస్తోంది, స్టాఫ్ అందరికీ అచ్చైన వ్యాసాలుండాలి, ఎలా తెచ్చుకుంటారో మీ ఇష్టం అన్నారు. అప్పటికి నెట్‌లో కొత్తరకం పత్రికలు పుట్టుకొచ్చాయి. అన్నిటికీ పెద్ద పెద్ద పేర్లు, అంతర్జాతీయం కానిదంటూ లేదు. రుసుము కడితే వ్యాసం వేస్తాయి. ఒకదానికి నేనూ పంపాను. తొందరలో నా వ్యాసానికి బదులు వేరే ఫైలు జతచేశానని పంపాక గానీ చూసుకోలేదు. అది మా లైబ్రరీ తలుపు మీద అంటించడానికి టైపు చేసిన నోటీసు. పుస్తకాలు సకాలంలో తిరిగి ఇవ్వాలి, సెల్‌ఫోన్లు మాట్లాడరాదు, దసరా సెలవుల్లో లైబ్రరీ మూసి ఉంటుంది.

మర్నాడే జవాబు వచ్చింది. మీ పరిశోధనను మా నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించారు, ఈ రంగానికి ఇది విలువైన చేర్పు, ప్రచురణకు అంగీకరిస్తున్నాం, రుసుము చెల్లించండి.

స్టాఫ్‌రూములో చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ లైబ్రరీలోకి వచ్చి, పిరియాడికల్స్ ర్యాకు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఒక్క మాట కోసం, కిరాయా అద్దెనా అని, ప్రూఫు కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. ఆ పత్రికకు రుసుము కట్టలేదు. అసలు వ్యాసాన్ని మంచి పత్రికలు రెండింటికి పంపితే, సమాచారం పాతబడిందని తిప్పి పంపారు. వాళ్ళన్నదీ నిజమే. గడువు దాటిపోయింది. పీహెచ్‌డీ రద్దయింది. కాలేజీలో నా హోదా లైబ్రేరియన్ నుంచి అసిస్టెంటుకు తగ్గింది. నా పైన వచ్చిన అమ్మాయికి అచ్చైన వ్యాసాలు చాలా ఉన్నాయి. మంచి పిల్ల. నన్ను అక్కా అని పిలుస్తుంది.

సారునూ అమ్మగారినీ ఆమె చెల్లెలి కొడుకు వచ్చి గుంటూరు తీసుకెళ్ళాడు. ఇక్కడ చూసేవాళ్ళు లేరు. ఇల్లు ఖాళీ చేసేముందు అమ్మగారు నన్ను పిలిచి, పత్రిక సంపుటాలన్నీ చూపించింది. ఏడాదికొకటి చొప్పున ఎర్ర కాలికో గుడ్డతో బైండు చేయించి పెట్టినవి. "ఇవి తీసుకెళ్ళలేం అమ్మా. నువ్వు ఏదైనా లైబ్రరీలో పెట్టించు," అంది. మా కాలేజీ వద్దంది, సిలబస్‌లో లేవు కదా అన్నారు. ప్రభుత్వ గ్రంథాలయంలో, దానంగా వచ్చిన పత్రికలను నమోదు చేసుకునే వీలు లేదన్నారు. ఇప్పుడు కొత్త రాష్ట్రపు గ్రంథాలయ శాఖలో పెద్ద హోదాలో ఉన్న బడంగ్‌పేట్ అన్నను అడిగాను. "పేరు చూస్తరు గదా చెల్లె. ఎవరన్న అడుగుతరు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. దాంతో నాకు ఏ ఉపయోగమూ లేకపోయింది.

అట్టపెట్టెల్లో కట్టి మా ఇంటికి తెచ్చి కింది గదిలో పెట్టాను. ఒక వానాకాలం మీర్‌పేట్ చెరువు నిండి నీళ్ళు కాలనీల్లోకి వచ్చాయి. మేం అమ్మను ఎత్తుకుని మేడమీదికి చేర్చేసరికే కింది గదిలో నడుం లోతు నీళ్ళు. నీళ్ళు తీశాక పెట్టెలు విప్పి చూశాను. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా అయ్యాయి. ఎర్ర గుడ్డ రంగు దిగి అంచులన్నీ గులాబీగా మారాయి. ఎండలో పెడితే వాసన వచ్చింది. విప్పబోతే పేజీ పేజీగా కాదు, ముక్కలుగా వచ్చింది. తమ్ముడు ఏమీ అడక్కుండా బండి మాట్లాడి చెత్తలో వేయించాడు.

గుంటూరుకు ఫోన్ చేసి అమ్మగారికి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆమె పక్కన ఎక్కడో సారు దగ్గు వినిపించింది.

"ఆయనతో అనకులే," అంది. "పోనీలే అమ్మా. మీ ఇంట్లో అందరూ క్షేమమే కదా."

క్షేమమే అన్నాను. మీర్‌పేట్‌లో నీళ్ళు పూర్తిగా తీశాయా, అమ్మకు మందులు దొరుకుతున్నాయా అని అడిగింది. అన్నిటికీ జవాబులు చెప్పాను. ఫోన్ పెట్టేశాక కింది గదిలోకి వెళ్ళి, గోడల మీద నీళ్ళ చార ఎంత ఎత్తు వచ్చిందో చూస్తూ నిలబడ్డాను. అమ్మ పైనుంచి పిలిచేదాకా అక్కడే ఉన్నాను.